సున్నా కంటే ఐదు శాతమే చవకయ్యేదెప్పుడు? బియ్యం, సబ్బు, ప్యాడ్ల మీద పన్ను లెక్క

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బియ్యం కొట్టుకు వెళ్తే సోనా మసూరి బస్తాల మీద ఒక వింత అంకె కనిపిస్తుంది: 26 కేజీలు. పాతిక కాదు, ముప్పై కాదు, ఇరవై ఆరు. మన ఇళ్లలో ఎవరూ ఇరవై ఆరు లెక్కన బియ్యం తినరు, పండించే రైతుకూ ఆ అంకెతో పని లేదు. అది జీఎస్‌టీ పుట్టించిన అంకె.

కిలో 56 రూపాయల బియ్యం అనుకుందాం. పాతిక కిలోల బస్తా 1,400 రూపాయలు. దాని మీద 5 శాతం పన్ను 70 రూపాయలు కలిపితే 1,470. అవే బియ్యం ఇరవై ఆరు కిలోలు కట్టి అమ్మితే 1,456 రూపాయలు, పాతిక కిలోలు దాటింది కాబట్టి పన్ను లేదు (ఎందుకో తర్వాత చూద్దాం). కిలో బియ్యం ఎక్కువ వచ్చాయి, బిల్లు మాత్రం పద్నాలుగు రూపాయలు తగ్గింది.

తిండి సరుకుల మీద, ఒంటి శుభ్రతకు వాడే వస్తువుల మీద పన్ను ఉండకూడదని అందరూ అంటారు. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ రేట్లు మారినప్పుడు కూడా ఎక్కువ చర్చ వీటి చుట్టే నడిచింది. డిమాండు వినడానికి తేలిక. చట్టంలోకి దించేటప్పుడే చిక్కులు మొదలవుతాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు "పన్ను లేదు" అనే మాటలోనే ఉంది.

కొట్లో మనం కట్టే పన్ను అక్కడిదాకా ఎలా వస్తుంది

పాత రోజుల్లో దీన్ని అమ్మకం పన్ను అనేవాళ్లం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో వ్యాట్ వచ్చింది, 2017 జూలై 1న దేశమంతటా జీఎస్‌టీ వచ్చింది. ఇది ఒక్క చోట వేసే పన్ను కాదు. ముడిసరుకు అమ్మేవాడు, ఫ్యాక్టరీ, డిస్ట్రిబ్యూటరు, కొట్టు యజమాని, ఇలా సరుకు చేతులు మారిన ప్రతిసారీ పడుతుంది. పన్ను మీద పన్ను పేరుకోకుండా ఒక ఏర్పాటు ఉంది. ఫ్యాక్టరీ తన సరుకు అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి, ముడిసరుకు కొన్నప్పుడు తాను కట్టిన పన్నును తీసేసుకుని మిగిలింది మాత్రమే ప్రభుత్వానికి కడుతుంది. ఇలా తీసేసుకోవడాన్నే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. వ్యాపారుల భాషలో ఐటీసీ, ఇంకా పొట్టిగా 'క్రెడిట్'.

ఈ వరసలో క్రెడిట్ దొరకని మనిషి ఒక్కరే, చివర్లో సరుకు కొనే మనం. మొత్తం బరువు మన మీదకే వస్తుంది.

మినహాయింపు వేరు, సున్నా రేటు వేరు

ఒక వస్తువుకు మినహాయింపు ఇచ్చారంటే అమ్మేవాడు దాని మీద పన్ను వసూలు చేయకూడదు. బాగానే ఉంది. కానీ పన్ను వసూలు చేయనివాడికి క్రెడిట్ కూడా దక్కదు. ముడిసరుకు మీద అతను కట్టిన పన్ను అతని ఖర్చుగా మిగిలిపోతుంది, ఖర్చు కనుక ధరలో కలుస్తుంది. బిల్లులో "జీఎస్‌టీ: 0" అనే ఉంటుంది, వెనక దశల్లో పడిన పన్ను మాత్రం ధర లోపల దాక్కుని ఉంటుంది.

సున్నా రేటు పద్ధతి అలా కాదు. అమ్మకం మీద పన్ను సున్నా, పైగా వెనక దశల్లో కట్టిందంతా ప్రభుత్వం తిరిగి ఇచ్చేస్తుంది. ధరలో పన్ను ఆనవాలే ఉండదు. మన దేశంలో ఈ భాగ్యం ఎగుమతులకు, ప్రత్యేక ఆర్థిక మండళ్లకు పంపే సరుకులకు మాత్రమే ఉంది. బ్రిటన్‌లో 1973లో వ్యాట్ వచ్చినప్పటి నుంచీ చాలా తిండి పదార్థాలకు సున్నా రేటే. మన పట్టికల్లో కనిపించే 'నిల్' రేటు పేరుకు సున్నాయే అయినా చట్టం దాన్ని మినహాయింపు కిందే లెక్కగడుతుంది. కాబట్టి వార్తల్లో "ఫలానా వస్తువు మీద పన్ను సున్నా" అని వస్తే, మన దేశంలో దాదాపు ప్రతిసారీ అది మినహాయింపే.

ఒకే ప్యాడ్ల ప్యాకెట్, నాలుగు ధరలు

దీన్ని అంకెల్లో పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఇవి లెక్క తేలిగ్గా ఉండేందుకు నేను ఊహించుకున్న అంకెలు, ఏ కంపెనీవీ కావు. మధ్యలో ఉండే డిస్ట్రిబ్యూటరును, కొట్టును కూడా పక్కన పెడుతున్నాను.

ఒక ప్యాకెట్ శానిటరీ ప్యాడ్ల తయారీకి 20 రూపాయల ముడిసరుకు కావాలి. దాని మీద 18 శాతం పన్ను, అంటే 3 రూపాయల 60 పైసలు. కూలి, కరెంటు, లాభం కలిపి ఇంకో 20. పన్ను కలపకముందు ప్యాకెట్ ధర 40 రూపాయలు.

ప్యాడ్ల మీద 12 శాతం పన్ను ఉందనుకోండి. 40 మీద 4.80. కొనేవాళ్లు 44.80 ఇస్తారు. ఫ్యాక్టరీ ఆ 4.80లోంచి తాను ముందే కట్టిన 3.60 తీసేసుకుని 1.20 కడుతుంది.

ఇప్పుడు పూర్తి మినహాయింపు ఇచ్చేద్దాం. 4.80 పోయింది కాబట్టి ధర 40కి దిగాలని అనిపిస్తుంది. కానీ క్రెడిట్ కూడా పోయింది. ముడిసరుకు మీద కట్టిన 3.60 ఇప్పుడు ఫ్యాక్టరీ ఖర్చు. ప్యాకెట్ 43.60 అవుతుంది. 12 శాతం పన్ను ఎత్తేస్తే కొనేవాళ్లకు మిగిలింది రూపాయి ఇరవై పైసలు.

మినహాయింపు కాకుండా పన్నును 5 శాతానికి తగ్గిస్తే? 40 మీద 2 రూపాయలు. కొనేవాళ్లు ఇచ్చేది 42. ఫ్యాక్టరీ దగ్గర 3.60 క్రెడిట్ ఉంది, కట్టాల్సింది 2 రూపాయలే, మిగతా 1.60ని రిఫండుగా అడగొచ్చు. ముడిసరుకు మీద పన్ను ఎక్కువ, తయారైన వస్తువు మీద తక్కువ ఉన్న ఈ పరిస్థితిని తలకిందుల పన్ను అనొచ్చు. దానికి రిఫండు ఇచ్చే ఏర్పాటు చట్టంలో ఉంది.

ఇక బ్రిటన్ తరహా సున్నా రేటు అయితే 3.60 మొత్తం తిరిగొస్తుంది, ప్యాకెట్ సరిగ్గా 40.

అంటే ఈ లెక్కలో "పన్ను లేని" ప్యాకెట్ 43.60, "5 శాతం పన్ను ఉన్న" ప్యాకెట్ 42. మొదటిసారి ఇలా లెక్క వేసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ వేసుకున్నాను. తప్పేమీ లేదు.

అలాగని ఐదే మేలని అన్ని చోట్లా చెప్పలేం. ముడిసరుకు మీద పన్ను తక్కువై, తయారీలో చేరే విలువ ఎక్కువైతే మినహాయింపే చవక. పైగా ఆ రిఫండు ముడిసరుకులకే వర్తిస్తుంది. యంత్రాలు, ఫ్యాక్టరీ అద్దె, ప్రకటనల వంటి వాటి మీద కట్టిన పన్ను అందులోకి రాదు. రిఫండు చేతికి వచ్చేదాకా చిన్న ఫ్యాక్టరీ డబ్బు ఇరుక్కుపోతుంది. మినహాయింపులో ఇంకో సుఖం కూడా ఉంది. మినహాయింపు సరుకు మాత్రమే అమ్మేవాళ్లు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. ఊళ్లో ప్యాడ్లు తయారు చేసుకునే మహిళా సంఘానికి నెలనెలా రిటర్నుల టెన్షన్ లేకపోవడం చిన్న విషయం కాదు.

2017లో ప్రభుత్వం వద్దన్నది, 2018లో తానే చేసింది

జీఎస్‌టీ మొదలైనప్పుడు శానిటరీ ప్యాడ్ల మీద 12 శాతం వేశారు. దేశమంతా గొడవ. ఎంపీలు అర్జీలు పెట్టారు, 'లహూ కా లగాన్' (నెత్తుటి మీద పన్ను) పేరుతో సోషల్ మీడియాలో ఉద్యమం నడిచింది. విషయం ఢిల్లీ హైకోర్టుకూ వెళ్లింది. బొట్టు, కుంకుమ, కాటుకలకు మినహాయింపు ఇచ్చినవాళ్లు ప్యాడ్లకు ఎందుకు ఇవ్వరని అక్కడ ధర్మాసనం అడిగింది. ఆ ప్రశ్నకు ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టమే.

కేంద్రం 2017 జూలైలో ఇచ్చిన వివరణ మాత్రం పైన మనం వేసిన లెక్కే. పాత పద్ధతిలో తయారీ మీద పడే ఎక్సైజ్ 6 శాతం, వ్యాట్ 5 శాతం, మిగతావి కలిపి మొత్తం భారం 13.68 శాతం ఉండేదని, 12 శాతమంటే పెంచినట్టు కాదని చెప్పింది. ముడిసరుకుల్లో తడిని పీల్చే పాలిమర్, ప్లాస్టిక్ పొర, జిగురు వంటి వాటి మీద 18 శాతం, గుజ్జు వంటి వాటి మీద 12 శాతం ఉన్నాయని, ప్యాడ్లకు మినహాయింపు ఇస్తే దేశీ తయారీదారులు క్రెడిట్ పూర్తిగా పోగొట్టుకుంటారని వాదించింది. బయటి దేశం నుంచి వచ్చే ప్యాడ్లకు ఆ బాధ ఉండదు. అక్కడి ప్రభుత్వం ఎగుమతి సరుకు మీద పన్నంతా వెనక్కిచ్చి పంపిస్తుంది, ఇక్కడ దిగాక జీఎస్‌టీ ఉండదు. కస్టమ్స్ సుంకం పక్కన పెట్టి మన ఉదాహరణలోనే చూస్తే మనవాళ్ల ప్యాకెట్ 43.60, దిగుమతి ప్యాకెట్ 40.

ఏడాది తిరిగేసరికి, కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కూర్చుని రేట్లు తేల్చే జీఎస్‌టీ మండలి 2018 జూలై 21 నాటి సమావేశంలో ప్యాడ్లకు మినహాయింపు ఇచ్చేసింది. జూలై 27 నుంచి అమలైంది. అంతకుముందు చెప్పిన కారణాలు తప్పని ఎవరూ అనలేదు, అవి అలాగే ఉన్నాయి. నాకు అనిపించేదేమిటంటే, ఆ నిర్ణయంలో రూపాయి ఇరవై పైసల కన్నా మాట విలువే ఎక్కువ. నెలసరిని విలాసం కింద లెక్కగట్టడం లేదని రాజ్యం చెప్పిన మాట అది. ఆ మాటకు విలువ ఉంది. కానీ అది ధరల్లో ఎంత కనిపిస్తుందన్నది వేరే ప్రశ్న, రెంటినీ కలిపేస్తే ఎటూ తేలదు.

బియ్యం బస్తా: బ్రాండు నుంచి బరువు దాకా

బియ్యం, పప్పు, పిండి విషయంలో చిక్కు వేరు. లూజుగా అమ్మితే పన్ను వద్దు, పెద్ద కంపెనీల ప్యాకెట్ల మీద ఉండొచ్చు అన్నది మొదటి నుంచీ ఉన్న ఆలోచన. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలి?

2017లో గీసిన గీత బ్రాండు. ప్యాకెట్ కట్టి, రిజిస్టరైన బ్రాండు పేరుతో అమ్మితే 5 శాతం, లేకపోతే లేదు. వెంటనే జరగాల్సిందే జరిగింది. బ్రాండు రిజిస్ట్రేషన్ వదులుకుంటే పన్ను తప్పుతుందని వ్యాపారులకు అర్థమైంది. 2017 సెప్టెంబరు 9న మండలి సమావేశమైంది హైదరాబాద్‌లోనే. ఆ ఏడాది మే 15 నాటికి రిజిస్టరై ఉన్న బ్రాండు తర్వాత రద్దయినా పన్ను తప్పదని అక్కడ తేల్చారు. రిజిస్టరు కాని పేరు వాడేవాళ్లు ఆ పేరు మీద హక్కు వదులుకున్నామని అఫిడవిట్ ఇవ్వాలి, ఆ సంగతిని చెరిగిపోని సిరాతో ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ ప్రతి ప్యాకెట్ మీద అచ్చు వేయాలి. పన్ను తప్పించుకోవడానికి తన పేరు తనది కాదని రాసిచ్చే వ్యాపారం లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో!

2022 జూలై 18 నుంచి బ్రాండు సంగతి వదిలేసి గీతను ప్యాకింగ్ మీదకు మార్చారు. తూనికలు కొలతల చట్టం ప్రకారం వివరాలు ముద్రించి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసి అమ్మే ధాన్యం, పప్పులు, పిండి, రవ్వ, అటుకులు, మరమరాలు, బెల్లం, పెరుగు, మజ్జిగ అన్నిటికీ 5 శాతం. ఆ చట్టం నిబంధనల్లో 25 కిలోలు దాటిన ప్యాకెట్‌కు ఆ వివరాలు అవసరం లేదని ఒక వెసులుబాటు ఉండేది. ఆ బస్తా పన్ను నుంచి జారిపోయింది. ఇరవై ఆరు కిలోల బస్తా పుట్టింది అక్కడే. 2024 డిసెంబరులో జైసల్మేర్ సమావేశంలో మండలి ఈ నిర్వచనాన్ని సవరించినప్పుడు కూడా 25 కిలోల హద్దునే ఉంచింది.

పన్ను వేయడానికి ప్రభుత్వం చెప్పిన కారణాలు కొట్టిపారేసేవి కావు. తిండి గింజల మీద పన్ను జీఎస్‌టీతో కొత్తగా రాలేదు, పంజాబ్ ఒక్కటే కొనుగోలు పన్ను రూపంలో ఏడాదికి 2,000 కోట్లకు పైగా వసూలు చేసేదని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గుర్తు చేశారు. బ్రాండు కిటుకుతో పన్ను ఎగ్గొట్టేవాడి వల్ల నిజాయితీగా కట్టేవాడు నష్టపోతున్నాడన్న వాదనా ఉంది. కొట్లో లూజుగా తూచి ఇస్తే ఇప్పటికీ పన్ను లేదు కదా అన్నారు. ఎదుటి పక్షం అడిగింది వేరు. కల్తీ ఉండదని, తూకం సరిగ్గా ఉంటుందని ప్యాకెట్ కొనేవాళ్లను శిక్షించడమేమిటని అడిగారు. పాల ఉత్పత్తుల మీద పన్నుకు వ్యతిరేకంగా తెలంగాణలో అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్ ధర్నాలు కూడా చేసింది.

ఈ గీత ఎవరి మీద పడిందో చూడాలి. నెలకు సరిపడా ఒకేసారి కొనగలిగినవాడు ఇరవై ఆరు కిలోల బస్తా వేయించుకుంటాడు, పన్ను లేదు. కొట్లో చాటలో పోసి తూయించుకునేవాడికీ లేదు. మధ్యలో, సూపర్ మార్కెట్‌లో ఐదు కిలోల సంచి పట్టుకొచ్చే అద్దె గది బ్యాచిలర్‌కు మాత్రం 280 రూపాయల బియ్యం మీద 14 రూపాయలు పడుతుంది. పేదల మీదా కాదు, ధనికుల మీదా కాదు, చిన్న ప్యాకెట్ మీద పన్ను ఇది.

కొబ్బరి నూనె కూరలోకా, జుట్టుకా?

మినహాయింపు ఇచ్చిన ప్రతిచోటా హద్దు తగాదా వస్తుంది. దీనికి కొబ్బరి నూనెను మించిన ఉదాహరణ లేదు. వంట నూనె అయితే 5 శాతం, తలనూనె అయితే 18. చిన్న సీసాల్లో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరి నూనె ఏది? కేరళలో అడిగితే ఒక జవాబు, మన దగ్గర అడిగితే ఇంకోటి. ఎక్సైజ్ రోజుల నుంచి నలిగిన ఈ వివాదం 2024 డిసెంబరులో సుప్రీంకోర్టులో తేలింది. సీసా చిన్నదైనంత మాత్రాన తలనూనె అయిపోదని, వంట నూనెగానే చూడొచ్చని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి తలనూనె మీద కూడా పన్ను 5 శాతానికి దిగింది. ఏళ్ల తరబడి సాగిన తగాదాకు రేటు సమానం కాగానే అర్థమే లేకుండా పోయింది.

2024 సెప్టెంబరులో కోయంబత్తూరులో ఒక హోటల్ యజమాని ఆర్థిక మంత్రి ముందే మొరపెట్టుకున్నారు. బన్నుకు పన్ను లేదు, మధ్యలో క్రీము రాస్తే 18 శాతం, అందుకని కస్టమర్లు రెండూ విడివిడిగా ఇవ్వండి మేమే రాసుకుంటాం అంటున్నారని. పరోటా రొట్టె జాతిలోకి వస్తుందా రాదా అన్నది కూడా ఏళ్లపాటు నడిచింది. 2020లో కర్ణాటకలో రాదని, 18 శాతమని తేల్చారు.

2025 సెప్టెంబరు మార్పులు ఇలాంటి గీతలు కొన్నిటిని చెరిపేశాయి. 12, 28 శాతాల శ్లాబులు పోయి ప్రధానంగా 5, 18 మిగిలాయి. చపాతీ, రోటీ, పరోటాలన్నీ నిల్‌లోకి వచ్చాయి. ప్యాకెట్ పనీరు, ఎక్కువ కాలం నిలవుండే యూహెచ్‌టీ పాలు కూడా. నెయ్యి, వెన్న 12 నుంచి 5కు దిగాయి. బిళ్ల సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, టూత్‌బ్రష్, తలనూనె 18 నుంచి 5కు, పిల్లల డైపర్లు 12 నుంచి 5కు వచ్చాయి. లేబుల్ వేసిన బియ్యం ప్యాకెట్ మాత్రం 5 దగ్గరే ఉండిపోయింది.

కొన్ని పాత గీతలు పోతే కొత్తవి వచ్చాయి. స్నానం సబ్బు బిళ్ల అయితే 5 శాతం, చేతులు కడుక్కునే ద్రవ సబ్బు అయితే 18. టూత్‌పేస్టుకు 5, మౌత్‌వాష్‌కు 18. ఒంటికి రాసే సబ్బు నిత్యావసరం, బట్టలుతికే డిటర్జెంట్ పౌడరు కాదు, దానికి 18 శాతమే.

ఇక్కడ ఇంకోటి గమనించాలి. సబ్బుకు, షాంపూకు మినహాయింపు ఇవ్వలేదు, 5 శాతంలో పెట్టారు. ప్యాడ్ల ఉదాహరణ గుర్తుంటే ఎందుకో తెలుస్తుంది. క్రెడిట్ గొలుసు తెగదు.

ఎవరి జేబులో ఎంత మిగులుతుంది

నిత్యావసరాల మీద పన్ను వద్దనడానికి ప్రధాన కారణం పేదల బడ్జెట్‌లో వాటి వాటా ఎక్కువ కావడం. 2023–24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పల్లెల్లో సగటు ఖర్చులో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం తిండికే పోతుంది. ఆదాయం పెరిగే కొద్దీ ఈ వాటా తగ్గుతుంది.

రెండు కుటుంబాలను తీసుకుందాం. ఒకరి నెల ఖర్చు 15,000, అందులో వెచ్చాలు, సబ్బులు కలిపి 7,000. ఇంకొకరి ఖర్చు లక్ష, వెచ్చాలు 25,000. వీటన్నిటి మీద 5 శాతం పన్ను ఉండి, దాన్ని ఎత్తేస్తే, మొత్తం ధరలో తగ్గిందనే అనుకుంటే, మొదటి ఇంటికి 350 రూపాయలు, రెండో ఇంటికి 1,250 మిగులుతాయి. ఖర్చులో వాటాగా చూస్తే పేద ఇంటికే ఎక్కువ మేలు, 2.3 శాతం. రెండో ఇంటికి 1.25 శాతమే. రూపాయల్లో చూస్తే ధనిక కుటుంబానికి మూడున్నర రెట్లు ఎక్కువ దక్కింది. ఒకే పట్టికలో రెండు పక్షాల వాదనలకూ ఆధారం దొరుకుతుంది. టీవీ చర్చల్లో ఇద్దరూ అంకెలు చూపిస్తూ ఒకరినొకరు అబద్ధాలకోరులనుకోవడం ఇందువల్లే.

ఈ రెండో కోణం పట్టుకున్న దేశం న్యూజిలాండ్. అక్కడ బ్రెడ్డు, పాలు, కూరగాయలతో సహా దాదాపు అన్నిటి మీదా ఒకే 15 శాతం. తగాదాలు లేవు, వసూలు తేలిక. పేదలకు సాయం పన్ను రాయితీగా కాకుండా నేరుగా డబ్బుగా ఇవ్వాలన్నది వాళ్ల వాదం. ఆ డబ్బు నిజంగా పేదవాడికి చేరే యంత్రాంగం ఉంటేనే ఈ వాదం నిలుస్తుంది. మన దగ్గర సగం యంత్రాంగం ఉంది. దేశంలో 80 కోట్ల మందికి పైగా రేషన్ గింజలు ఉచితంగా అందుతున్నాయి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల చొప్పున సన్న బియ్యం ఇస్తున్నారు. ఆ బియ్యం తినే ఇంటికి ప్యాకెట్ బియ్యం మీద పన్ను కన్నా నూనె మీద పన్ను, డిటర్జెంట్ మీద పన్నే పెద్ద సమస్య. రేషన్ షాపులో సబ్బు ఇవ్వరు.

రాష్ట్రాల తటపటాయింపునూ అర్థం చేసుకోవాలి. ఒక రాష్ట్రంలో జరిగే అమ్మకం మీద జీఎస్‌టీలో సగం ఆ రాష్ట్రానిది. నష్టపోయిన ఆదాయానికి కేంద్రం ఇచ్చే పరిహారం 2022 జూన్‌తో ఆగిపోయింది. మండలిలో రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతుల ఓటు బలం ఉంటుంది, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. బయట మినహాయింపు కోసం గొంతెత్తే పార్టీయే రాష్ట్రంలో అధికారంలో ఉండి, మండలి లోపల ఆదాయం లెక్క వేసుకుని ఊరుకోవడం మామూలే.

తగ్గిన పన్ను ధరలోకి దిగుతుందా

పది రూపాయల సబ్బులో 18 శాతం పన్ను తీసేస్తే అసలు ధర 8.47. దాని మీద 5 శాతం కలిపితే 8.90. కొట్లో ఎనిమిది రూపాయల తొంభై పైసలకు సబ్బు అమ్మడం ఎలా? చిల్లర ఎక్కడిది? అందుకే చిన్న ప్యాకెట్లలో ధర అలాగే ఉంచి బరువు పెంచే దారి ఉంది. ఈ లెక్కన 50 గ్రాముల సబ్బు 56 గ్రాములు కావాలి. కొనేవాళ్లు ధర చూస్తారు, గ్రాములు ఎవరు చూస్తారు? పెంచారో లేదో, పెంచిన గ్రాములు ఆరు నెలల తర్వాత అలాగే ఉన్నాయో లేదో పట్టుకోవడం కష్టం. పన్ను తగ్గింపును వ్యాపారులు మింగేయకుండా చూడటానికి జీఎస్‌టీ చట్టంలో ఒక సెక్షను ఉన్నా, దాని కింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడం 2025 ఏప్రిల్ 1 నుంచి ఆపేశారు. పెద్ద తగ్గింపులు వచ్చింది ఆ తర్వాత ఆరు నెలలకు. సెప్టెంబరు నుంచి ధరల మీద అధికారుల నిఘా ఉంది కానీ, పాత కోరల వంటివి దానికి లేవు.

బ్రిటన్ 2021 జనవరి 1న ప్యాడ్లు, టాంపాన్ల మీద 5 శాతం వ్యాట్‌ను సున్నా చేసింది. తర్వాత ధరలు పరిశీలించినవాళ్లకు ఆ తగ్గింపులో కొద్ది భాగమే కొనేవాళ్ల దాకా వచ్చినట్టు తేలింది. అక్కడ సున్నా రేటు కాబట్టి క్రెడిట్ పోయిందన్న సాకు కూడా లేదు. పోటీ గట్టిగా ఉన్న సరుకులో తగ్గింపు త్వరగా కిందికి వస్తుంది, లేనిచోట మధ్యలోనే ఆగుతుంది.

డాలస్ బిల్లులో సున్నా ఎందుకు నిజం సున్నా

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ క్రెడిట్ గొడవ వింతగా అనిపించొచ్చు. అక్కడ జీఎస్‌టీ లాంటిది లేదు, రాష్ట్రాలు వేసే అమ్మకం పన్ను ఉంది, అది చివరి అమ్మకం మీద మాత్రమే పడుతుంది. తిరిగి అమ్మడానికి కొనే సరుకు మీద కొట్టువాడు పన్ను కట్టడు. వెనక దాక్కునే పన్ను పెద్దగా లేదు కాబట్టి మినహాయింపు ఇస్తే బిల్లులో అది దాదాపు మొత్తం తగ్గుతుంది. టెక్సస్ రాష్ట్రంలోని డాలస్‌లో రాష్ట్ర పన్ను, స్థానిక పన్ను కలిపి 8.25 శాతం. బియ్యం, పప్పు, కూరగాయలకు అది లేదు. 2023 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్ ప్యాడ్లు, డైపర్లు, తడి తుడుపు కాగితాలకూ మినహాయింపు ఇచ్చింది. పది డాలర్ల ప్యాడ్ల ప్యాకెట్‌కు అంతకుముందు 10.83 ఇచ్చినవాళ్లు ఇప్పుడు పదే ఇస్తారు.

అయితే గీతల బాధ అక్కడా తప్పలేదు. ఇంట్లో వండుకునే సరుకుకు పన్ను లేదు, వండి ఇచ్చిన తిండికి ఉంది. పండ్లకు లేదు, చాక్లెట్లకు, కూల్‌డ్రింకులకు ఉంది. అదే కుటుంబం ఉద్యోగం మారి టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌కు వెళ్తే అవే సోనా మసూరి బియ్యానికి 4 శాతం రాష్ట్ర పన్ను, దాని పైన స్థానిక పన్ను కట్టాలి. అక్కడ ఇరవై ఆరు కిలోల బస్తా కొన్నా తప్పదు.